ఆర్లిస్ అడగని అనుమతి

మా ఊరికి మ్యాపులో వేరే పేరుంది. మేము మాత్రం మూల అంటాము. మినెసోటా రాష్ట్రపు నెత్తి మీద, సరస్సుకు అవతలి గట్టున, కెనడా నేలకు అతుక్కొని మిగిలిపోయిన అమెరికా ముక్క అది. ఎదురుగా సరస్సు. సరస్సుకు ఆవల టోర్విక్. మా కోర్టు, మా చర్చి, మా కిరాణా, మా పళ్ళ డాక్టరు, అందరూ ఆ టోర్విక్‌లోనే. శీతకాలం నీరు గడ్డకట్టగానే మంచు మీద ట్రక్కులలో పోతాము. వేసవిలో పడవలలో పోతాము. గడ్డకట్టే రోజులలోను, కరిగే రోజులలోను మాత్రం మాకు మిగిలేది రోడ్డు ఒక్కటే. ఆ రోడ్డు కెనడాలో దూరి, కెనడా అడవులలో చాలాసేపు తిరిగి, మళ్ళీ అమెరికాలో తేలుతుంది.

పూర్వం ఆ రోడ్డు మీద ఒక చెక్కగది ఉండేది. బండి ఆపి, అద్దం దించి, పేరు చెప్పి, పని చెప్పి, వెంట ఉన్న సరుకు చెప్పి సాగిపోయేవాళ్ళము. మాట చాలేది. తరువాత చట్టం మారింది. మాట చాలదన్నారు, పాస్‌పోర్టు కావాలన్నారు. మూలలో ఉన్నవాళ్ళందరమూ గొణుక్కుంటూనే వెళ్ళి తెచ్చుకున్నాము. నేను, లొరీన్‌ను, బడి బస్సు నడుపుతాను. పొద్దున పెద్దపిల్లలను సరిహద్దు దాటించి, సాయంత్రం మళ్ళీ దాటించి తీసుకురావాలి. కనుక నా పాస్‌పోర్టు అంచులు ఏనాడో అరిగిపోయాయి.

మా పెద్దమ్మ ఆర్లిస్ ఒక్కతే తెచ్చుకోలేదు. అడిగినవారికి అలసట లేకుండా ఒకటే జవాబు చెప్పేది. కరిగే నెల వస్తే గడప లోపలే ఉండిపోయేది. పన్ను నొప్పి వచ్చినా లవంగం నూనె రాసుకొని సరస్సు వైపు చూస్తూ కూర్చునేది. సరస్సు తెరుచుకున్నాక మొదటి పడవ ఆమెదే.

ఆమె కూతురు కారిన్, నాకు అక్క వరస, టోర్విక్ ఆసుపత్రిలో నర్సు. ముప్పై ఎనిమిదేళ్ళకు ఆమెకు పెళ్ళి కుదిరింది. వరుడు నోలన్ మినియాపొలిస్ వాడు. మంచివాడు, మాటకారి, దేశాలు తిరిగినవాడు. మార్చిలో ఇద్దరూ మంచు మీద ట్రక్కు తోలుకుంటూ పెద్దమ్మ ఇంటికి భోజనానికి వచ్చారు. వేయించిన వాలై చేప, అడవి బియ్యం, ఊరబెట్టిన దోసకాయలు. నేనూ ఉన్నాను.

"అత్తగారూ, ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి" అన్నాడు నోలన్.

"చేప తింటూ అడుగుతున్నావు. ముల్లు గుచ్చుకుంటే నా పూచీ లేదు" అంది పెద్దమ్మ.

"మన దేశంలో సగం మందికి పాస్‌పోర్టే లేదట. లోకం చూడాలన్న ఆశే లేదా మనవాళ్ళకి?"

"మొదలెట్టావా!" అంది కారిన్, బల్ల కింద అతని కాలు తన్నుతూ.

"తన్నకే, అడగనీ. అల్లుడూ, నీకు ఏడాదికి సెలవెంత?"

"అయిదు వారాలండి."

"అబ్బో! నేను ముప్పయ్యేళ్ళు ఈ చేపల వేటగాళ్ళ కాబిన్లు కడిగాను. నాకు సెలవంటే జ్వరమే. జ్వరమొచ్చిన రోజు కూలి కూడా లేదు. ఆ జ్వరంతో ఎక్కడికి పోయేదాన్ని? పారిస్‌కా?"

నోలన్ నవ్వాడు. నవ్వుతూనే వదలలేదు. "సెలవు సంగతి సరే. ఆశ మాటేమిటి?"

"ఉందయ్యా. సముద్రం చూడాలని ఉంది. ఈ దేశానికి ఇటొకటి, అటొకటి. నేనింకా ఏదీ చూళ్ళేదు. ఆ రెండూ అయ్యాక మూడోదాని సంగతి. అప్పుడు నువ్వే తీసుకుపో."

"కనీసం ఆ రోడ్డు కోసమైనా..."

"ఆ రోడ్డుకా? పాస్‌పోర్టు పరాయి దేశం పోయేవాళ్ళకి నాయనా. నేను ఉల్లిపాయలకి పోతున్నాను. నా ఇంట్లోంచి నా జిల్లాకి."

అందరమూ నవ్వాము. నవ్వు చల్లారేలోగా ఆమె దోసకాయల గిన్నె పక్కకు జరిపి, ఎవరి వైపూ చూడకుండా అంది:

"మా తమ్ముడు డెల్మర్‌ని వియత్నాం తీసుకెళ్ళారు. పంతొమ్మిదేళ్ళు వాడికి. పాస్‌పోర్టు లేదు. ఎవరూ అడగలేదు. పెట్టెలో తిరిగొచ్చినప్పుడూ ఎవరూ అడగలేదు. భూమికి అటు చివరకి వాడికి అక్కర్లేని పుస్తకం ఉల్లిపాయలకి నాకెందుకు?"

నోలన్ చేతిలోని రొట్టె కింద పెట్టాడు. "తప్పుగా మాట్లాడాను, అత్తగారూ."

"తప్పేముంది, అడిగావు, చెప్పాను. చేప చల్లారిపోతోంది, తిను."

ఆనాడే పెళ్ళిరోజు పెట్టుకున్నారు. మే నెల మూడో శనివారం, టోర్విక్ చర్చిలో. తండ్రి లేని కారిన్‌ను చెయ్యి పట్టి పీఠం దాకా నడిపించవలసింది తల్లి. "అప్పటికి పడవలు తిరుగుతాయి కదమ్మా?" అని కారిన్ అడిగింది. "నేను పుట్టినప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నాయే" అంది పెద్దమ్మ. మూలలో పుట్టినవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది; పంచాంగం కంటే సరస్సును ఎక్కువగా నమ్మడం. ఏటా మేము ఒక పాత ఇనుప పొయ్యిని మంచు మధ్యలో నిలబెట్టి, అది ఎప్పుడు మునుగుతుందో పందెం వేసుకుంటాము. ఓడినవాళ్ళు ఊరందరికీ పండ్ల పైలు చేసిపెట్టాలి. ఆ ఏడు మే రెండో వారం దాటి ఎవరూ పందెం కాయలేదు. రెండో వారం వచ్చింది, పోయింది. పొయ్యి నిలబడే ఉంది.

చలి వదలలేదు. మంచు తెల్లదనం పోయి, బూడిదరంగు తిరిగి, చివరికి నల్లబడింది. ట్రక్కును మోయలేదు, పడవకు దారి ఇవ్వలేదు. చిన్న విమానాలు దిగే గడ్డి మైదానం మోకాటి లోతు బురద అయింది. ఊరంతా రోడ్డున పెళ్ళికి బయలుదేరడానికి బట్టలు ఇస్త్రీ చేసుకుంటుండగా, గురువారం పొద్దున కారిన్ ఫోను చేసింది. పెద్దమ్మకు చెవి మందం; ఫోను గట్టిగా పెట్టుకుంటుంది; కాఫీ పోసుకుంటున్న నాకు ప్రతి మాటా వినపడింది.

"లొరీన్ బస్సెక్కి వచ్చెయ్యమ్మా. చెక్‌పోస్టులో ఆయన నిన్ను ఎప్పట్నుంచో ఎరుగును. చూసీ చూడనట్టు ఊరుకుంటాడు."

"వాడు చూడనట్టు ఊరుకుంటే నేను దొంగలా దాటినట్టే."

"పోనీ, నేనే మాట్లాడతాను ఆయనతో. పెళ్ళంటే ఎవరు కాదంటారు?"

"కాదనడని నాకూ తెలుసు. దయగలవాడు. ఆ దయ నాకొద్దు. మా ఇంటికీ మా చర్చికీ మధ్య నేను ఒకరి దయ మీద నడవను."

"ఇదేం పంతమే అమ్మా! ఊళ్ళో అందరూ తెచ్చుకున్నారు. మోజెస్ తాత తొంభయ్యేళ్ళకి ఫోటో దిగి తెచ్చుకున్నాడు. నువ్వేమైనా ఆకాశం నుంచి ఊడిపడ్డావా?"

"లేదు. ఇక్కడే పుట్టాను. అదే చెబుతున్నాను."

కారిన్ గొంతు సన్నబడింది. "ఒక్కటి చెప్పు. నేనెక్కువా, నీ పంతం ఎక్కువా?"

పెద్దమ్మ కిటికీ లోంచి నల్లటి మంచును చూసింది. "నువ్వే ఎక్కువ. అందుకే వస్తాను. అడుక్కుని మాత్రం రాను."

"ఎలా వస్తావు? ఎగిరా?" అంతలో ఆమెకు అర్థమైంది. "వద్దు. అమ్మా, వద్దు. తాతలా పడవ తోసుకుంటూ ఆ మంచు మీదికి దిగావంటే నీ ముఖం చూడను. నీ బదులు మామయ్య నన్ను నడిపిస్తాడు. విన్నావా?"

"విన్నాను" అంది పెద్దమ్మ. కారిన్ ఫోను పెట్టేసింది.

తాతయ్య, అంటే పెద్దమ్మ తండ్రి, కరిగే నెలలో టపా మోసేవాడు. రేకు అడుగున్న చిన్న పడవ. ఇటొకరు, అటొకరు అంచు పట్టుకుంటారు. లోపలి మోకాలు పడవ అంచు మీద ఆనించి, బయటి కాలితో మంచును తంతూ పడవను జారిస్తారు. మంచు మోసినంత సేపూ అది బండి. మంచు విరిగిన క్షణాన అది పడవ. ఆ క్షణానికి ముందే ఒళ్ళంతా లోపలికి విసురుకోవాలి. అదే పద్ధతి, అదే పడవ. మధ్యాహ్నానికల్లా పెద్దమ్మ కొట్టంలోంచి దాన్ని ఒంటరిగా ఈడ్చుకొచ్చి ఒడ్డున బోర్లించి, పగుళ్ళకు తారు పూస్తోంది.

"పెద్దమ్మా, పది మైళ్ళు" అన్నాను.

"తెలుసు. సరస్సేమీ పెరగలేదు."

"నువ్వు పెరిగావు. అరవై ఎనిమిది."

"నువ్వు బస్సులో పో. బట్టలు పొడిగా ఉంటాయి."

"ఒక్కదానివే తోస్తే పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది."

"తిరగనీ. ఎప్పుడో ఒకప్పుడు టోర్విక్ వైపు తిరక్కపోదు."

నాకు ఈత వచ్చు, ధైర్యం రాదు. బడిలో పేరు పిలిస్తే పలకడానికే చెమట పట్టేది నాకు. కాని ఆమె మోకాళ్ళ మీద కూర్చొని తారు పూస్తున్న తీరులో నన్ను రమ్మన్న పిలుపు లేదు, రావద్దన్న మాట లేదు. నేను ఉన్నా లేకున్నా ఆ చేతులు ఆగవు. ఆగని చేతుల పక్కన నిలబడి ఊరికే చూడడం నాకు చేతకాలేదు. బస్సు తాళాలు పక్కింటి ఆయనకు ఇచ్చి వచ్చాను.

శుక్రవారం తెల్లవారుతుండగా బయలుదేరాము. రాత్రి చలికి మంచు కాస్త బిగిసి ఉంటుంది. ఎండ ఎక్కేలోగా ఎంత పోతే అంత మేలు. తేలే చొక్కాలు తొడుక్కున్నాము. నడుములకు తాడు కట్టి పడవకు బిగించుకున్నాము. ఇనుప కొక్కెం ఉన్న పొడవాటి గెడ ఒకటి, తెడ్లు రెండు. మూత బిగించిన ప్లాస్టిక్ బకెట్లు రెండు: ఒకదానిలో ఆమె నీలం పట్టు గౌను, రెండోదానిలో పెళ్ళి కేకు. మావాళ్ళ పెళ్ళిళ్ళలో తల్లి చేయవలసిన కేకు అది. బాదం పిండితో చేసిన వలయాలు, పెద్దదాని మీద చిన్నది, చిన్నదాని మీద ఇంకా చిన్నది పేర్చి గోపురంలా నిలబెడతారు.

"తొయ్యి" అంది పెద్దమ్మ.

తోశాము. తన్ను, జారు, తన్ను, జారు. నల్లటి మంచు కింద నీళ్ళు కదులుతున్న నీడ కనిపించేది. మంచు ఒక పలకలా లేదు. నిలువునా పేర్చిన గాజు పుల్లల్లా ఉంది. మా కాలి దెబ్బకు పుల్లలు విడివడి గలగలమనేవి, ఆ గలగల మా ముందు పరుగెత్తి ఎక్కడో దూరాన ఆగేది. పొయ్యిని దాటాము. ఎండ ఎక్కింది. మొదటిసారి మంచు విరిగినప్పుడు నేను అరిచాను. పెద్దమ్మ అరవలేదు, నా చొక్కా పట్టి లోపలికి లాగింది. రెండోసారి ఆమే మునిగింది. నడుము దాకా మునిగి, పడవ అంచు పట్టుకొని వేలాడుతూ, "చూస్తావేమే, గౌనుని కాదు, నన్ను లాగు!" అని తిట్టింది, నేను ముందుగా బకెట్టును పట్టుకున్నాను మరి. ఇద్దరమూ వెల్లకిలా పడి ఆకాశం చూస్తూ నవ్వాము. పళ్ళు కొట్టుకుంటూ ఉండగా నవ్వడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

మధ్యాహ్నం దాటాక మూడోసారి నేను పడ్డాను. ఈసారి బూటులోకి నీళ్ళు నిండాయి. ఎడమ కాలు మొదట మండింది, తరువాత మొద్దుబారింది, తరువాత అది నాదన్న తెలివి పోయింది. నేను చెప్పలేదు. తన్ను, జారు అనే లయలో నా వంతు తప్పిపోతుంటే ఆమే కనిపెట్టి, బూటు లాగి, కాలును తన చొక్కా లోపల పొట్టకు అదుముకుంది.

మా ముందు టోర్విక్ దాకా అంతా కుళ్ళిన మంచు. ఉత్తరపు గాలి దాన్నంతా అమెరికా గట్టుకు నెట్టింది. కుడిచేతి వైపు, పావుమైలు దూరాన, కెనడా ద్వీపాల వెంట నీళ్ళు తెరుచుకొని నీలంగా మెరుస్తున్నాయి. ఆ నీళ్ళు ద్వీపాలను చుట్టి వచ్చి టోర్విక్ నది మొగలో కలుస్తాయి. తెడ్లు వేస్తే రెండు గంటల పని. ఇటు తోస్తే రాత్రి పడుతుంది, లేదా మంచు మమ్మల్ని పట్టుకుంటుంది.

"అటు సరిహద్దు గీత అవతల కదా" అన్నాను. మా చిన్నప్పుడే ఆ ద్వీపాలు ఎవరివో మాకు నేర్పారు.

"తెలుసు."

"నా కాలు బాగానే ఉంది, పెద్దమ్మా. ఇటే పోదాం."

"అబద్ధాలాడడం కూడా రాదు నీకు. కాలు రాయిలా ఉంది." ఆమె నీలి నీళ్ళ వైపు చూసింది. గడ్డం బిగుసుకుంది. చట్టం మారాక ఆమె ఒక్కసారీ దాటని గీత అది. "నా పంతానికి నా కాళ్ళు ఇస్తాను. నీ కాలు ఇవ్వను. గెడ అందుకో."

నీళ్ళలోకి జారాము. నేను మెల్లగా, చప్పుడు కాకుండా తెడ్డు వేశాను. ఎవరూ లేరక్కడ. చెట్లు, రాళ్ళు, ఒక జత బాతులు. "ఎవరు చూస్తారులే" అని గొణిగాను.

"చూడాలి" అంది ఆమె. పడవలో లేచి నిలబడింది. తడిసిన జుట్టు ముఖానికి అతుక్కొని ఉంది. గెడను పక్కన నిలబెట్టుకొని, ఎదుటి అడవికి వినపడేలా, పాతరోజులలో చెక్కగది ముందు అద్దం దించి చెప్పినట్టే చెప్పింది:

"ఆర్లిస్‌ని! మూల నుంచి వస్తున్నాను! వెంట మా చెల్లెలి కూతురు లొరీన్! కూతురి పెళ్ళికి పోతున్నాం! సరుకు ఒక గౌను, ఒక కేకు! ఇంకేం లేదు! తెలుసుకున్నారా?"

ద్వీపం ఆమె మాటల చివరలను తిరిగి పలికింది. బాతులు లేచిపోయాయి.

"చెప్పాను. అడగలేదు" అంది, కూర్చుంటూ. "ఇప్పుడు వెయ్యి తెడ్డు. గట్టిగా వెయ్యి, దొంగతనానికి పోతున్నట్టు కాదు."

గట్టిగా వేశాను. నీళ్ళు చప్పుడు చేశాయి. నా జీవితంలో నేను చేసిన పెద్ద చప్పుడు అదే కావచ్చు.

పొద్దు వాలుతుండగా టోర్విక్ రేవు చేరాము. అక్కడ జనం చేరారు; మా ఊరివాళ్ళు రోడ్డున ముందే వచ్చి కబురు చెప్పారు. కారిన్ రేవు చివర నిలబడి ఉంది, జుట్టుకు రేపటి పెళ్ళి కోసం ఉంగరాలు తిప్పే చుట్టలు పెట్టుకొని, మీద నర్సు కోటు వేసుకొని. మా పడవ తాడు ఆమే అందుకుంది. కట్టింది. తల్లిని చూడలేదు. నా కాలికి చుట్టిన గుడ్డ విప్పి, చూసి, వేళ్ళు ఒక్కొక్కటి కదిపించి, "ఉంటాయి" అంది. నన్ను దాదాపు ఎత్తుకొని బండిలో కూర్చోబెట్టింది. అప్పుడు తల్లి వైపు తిరిగింది.

"చచ్చిపోయుంటే?"

"చావలేదుగా."

"దీన్ని చంపి ఉంటే?"

పెద్దమ్మ బండిలో ఉన్న నా కాలి వైపు చూసింది. తల మాత్రం వంచలేదు. కారిన్ కోటు విప్పి తల్లి భుజాల మీద విసిరింది, కప్పడం కాదు, విసరడమే, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయింది.

మరునాడు చర్చి వాకిట్లోంచి బంధువులంతా లోపలికి వెళ్తున్నారు. పెద్దమ్మ అన్న, మా మామయ్య, కోటు గుండీలు పెట్టుకొని, ఎవరిని నడిపించాలో, నడిపించాలో వద్దో తెలియక తలుపు పక్కన నిలబడ్డాడు. నేను అరువు చెప్పులతో గోడకు ఆనుకొని ఉన్నాను. పెద్దమ్మ నీలం గౌనులో వచ్చింది. గౌను పొడిగానే ఉంది. కాళ్ళే వాచి, పాదాలు బూట్లలో పట్టక, వెనక మడమలు తొక్కి వేసుకుంది. నోలన్ తల్లి, రాత్రే విమానం దిగిన పెద్దమనిషి, ఆమెను పలకరించి, "రోడ్డున వచ్చారా? సరిహద్దులో ఆలస్యమైందా?" అని మర్యాదగా అడిగింది.

"రోడ్డున కాదండి. నడిచి వచ్చాను. కొంత ఈది."

ఆవిడ నవ్వవచ్చునో లేదో తెలియక లోపలికి వెళ్ళిపోయింది.

కారిన్ తెల్లటి గౌనులో వాకిట్లోకి వచ్చింది. రాత్రంతా ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లిని తల నుంచి కాళ్ళ దాకా చూసింది, తొక్కిన మడమల దగ్గర చూపు ఆగింది.

"నిన్ను క్షమించలేదు" అంది.

"అడగలేదుగా."

"ఏదీ అడగవు నువ్వు."

"అడగను."

"సోమవారం నుంచి కాగితాలు నేనే నింపుతాను. ఫోటోకి కూర్చుంటావు, అంతే."

"కూర్చోను. మంచు పోయేదాకా నీ ఇంట్లోనే కూర్చుంటాను. వెళ్ళమంటావా?"

కారిన్ పెదవులు అదిరాయి. కోపమో నవ్వో ఆమెకే తెలియదు. "నువ్వు వెళ్ళమంటే మాత్రం వెళ్తావా!" అంది. అని, మామయ్యను చూసి తల అడ్డంగా ఊపింది. ఆయన ఊపిరి పీల్చుకొని లోపలికి పోయాడు.

లోపల ఆర్గన్ మొదలైంది. తలుపులు తెరిచారు. తల్లీ కూతుళ్ళు గడప మీద పక్కపక్కన నిలబడ్డారు. మొదటి అడుగు వేయగానే పెద్దమ్మ కాలు తడబడింది. కారిన్ చప్పున ఆమె మోచేయి పట్టుకొని, పెదవులు కదపకుండా అంది: "నా మీద ఆనుకో అమ్మా. కాలు ఈడుస్తున్నావు."

పెద్దమ్మ ఆ చేతిని మెల్లగా విడిపించింది. విడిపించి, తన చేతిలోకి తీసుకొని, తన పక్కకు లాక్కుంది.

"నేనే నిన్ను తీసుకుపోతున్నాను" అంది, అందరూ వినేటట్టు. "నువ్వు నన్ను కాదు. నడు."